కేకదూరంలో గోగుగొయ్యి

మా ఊరి గ్రామసభ తీర్మానాల పుస్తకం నా చేతిరాతలో ఉంటుంది. నాకు ఏ పదవీ లేదు. డిగ్రీ పూర్తయి, ఇంటి దగ్గరే ఉండి మా కాఫీ మొక్కలకూ మా నానమ్మకూ చాకిరీ చేస్తున్న రోజుల్లో సచివాలయం సెక్రటరీ గారు నా రాత ఎక్కడో చూశారు. "నువ్వు మాట్లాడనక్కర్లేదమ్మా, రాస్తే చాలు" అన్నారు. ఆ మాటకే ఒప్పుకున్నాను. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చిన్నప్పటి నుంచీ అరచేతులు చల్లబడిపోతాయి. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా నా పెదాలు కదులుతాయి తప్ప పక్కవాళ్లకు ఏమీ వినపడదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుంటాను. బియ్యం డబ్బా వెనకాల పదకొండు డైరీలూ, వాటి మీద అరువు తెచ్చుకున్న కథల పుస్తకాలూ ఉంటాయి. మా నానమ్మ వాటిని "నీ బియ్యం" అంటుంది. "నీ బియ్యం తిన్నాక ఇటొచ్చి అసలు బియ్యం ఎయ్యి" అని వంటింట్లోంచి కేకేస్తుంది.

ఆ పుస్తకంలో నేను రాసిన ఒక రూలు చివరికి మా నానమ్మ మెడకే చుట్టుకుంది.

వేసవి గ్రామసభకు వ్యవసాయ శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చారు. ఎవరో మోటారు సైకిళ్ల మీద చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, "ఇది మత్తు లేని గంజాయి, గవర్నమెంటు ఒప్పుకున్నదే, నార కోసం వేసుకోండి" అని విత్తనాలు ఇవ్వజూపుతున్నారట. ఆ సంగతి తేల్చి చెప్పడానికి ఆమె వచ్చారు. ఉత్తరాన ఒకటి రెండు రాష్ట్రాల్లో హెంప్ పేరుతో అలాంటి మొక్క వేస్తారని, దానికి లైసెన్సు ఉండాలని, ఎక్కడ నాటాలి, ఎక్కడ నార తీయాలి, ఎవరు వచ్చి చూడాలి అన్నిటికీ లెక్క ఉంటుందని చెప్పారు. "మన దగ్గర దానికి అనుమతి లేదు. ఎవరు విత్తనాలిచ్చినా తీసుకోకండి. కేసవుతుంది" అన్నారు.

మా మావయ్య లేచాడు. ఆయన మా అమ్మకు అన్నయ్య. చర్చిలో మైకు లేకుండా ప్రార్థన చేస్తాడు. ఆయన "ఆమెన్" అంటే ఎదురు కొండ మీద మేకలు మేత ఆపి తల ఎత్తుతాయి. "ఆకు అదే, మొక్క అదే, మత్తొక్కటే లేదంటే పోలీసోలు నమ్ముతారేటి మేడం?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆఫీసరమ్మ కూడా నవ్వారు.

నవ్వులు తగ్గాక మా నానమ్మ కూర్చున్న చోటి నుంచే చెయ్యెత్తింది. "నారకే అయితే ఆ దిక్కుమాలింది మనకెందుకమ్మా? మన గోగు లేదా?"

గోగు మాకు కొత్త కాదు. దాని నారతోనే ఒకప్పుడు ఎడ్ల పలుపులు, మంచాల నులక, బావి తాళ్లు అన్నీ పేనేవారు. నైలాను తాళ్లు వచ్చాక అది కొంత తగ్గింది. గంజాయి దాడులు మొదలయ్యాక పూర్తిగా పోయింది. కారణం దాని ఆకు. కింద ఆకులు గోంగూరలా వెడల్పుగా ఉంటాయి. మొక్క నడుం దాటి పెరిగే కొద్దీ పై ఆకులు అయిదు వేళ్లలా చీలుతాయి. దూరం నుంచి చూస్తే అచ్చం గంజాయే. చేనంతా అలా ఉంటే ఏ డ్రోనైనా వచ్చి నెత్తిన ఆగుతుందని జనం మానేశారు. నానమ్మ మాత్రం ప్రతి ఏడూ ఇంటి వెనకాల నాలుగు మొక్కలు విత్తనానికని ఉంచేది. పచ్చడికి కోస్తే ఊరుకునేది కాదు. ఈ ఏడు పొదుపు సంఘం ఆడవాళ్లు ఆమె దగ్గర నార తీయడం నేర్చుకుంటామన్నారు. ఆమె తప్ప ఆ పని తెలిసినవాళ్లు ఊళ్లో మిగల్లేదు. ఆ మాట అడిగిన రోజు నుంచీ ఆమె నడకే మారిపోయింది.

అలా ఆ రోజే గోగు గురించి మా ఊరు మూడు రూళ్లు పెట్టుకుంది. ఒకటి, గోగు వేసేవాళ్లు రోడ్డుకు కనపడే చేలోనే వేయాలి, కొండ మడతల్లో వేయకూడదు. రెండు, విత్తే ముందు సచివాలయంలో చెప్పి చేను ఫోటో తీయించాలి. మూడోది ఊరి పెద్ద తాత చెప్పాడు. నార ఊడి రావాలంటే గోగుకట్టలు గొయ్యి నీళ్లలో వారాల తరబడి ఊరాలి. ఆ నీళ్లు నల్లగా మారి భరించలేని కంపు కొడతాయి. మేం తాగేది ఊరి ఊట నీళ్లే. అందుకని, "ఊటకి కేకదూరంలో ఎవులూ గొయ్యి తియ్యకూడదు. ఊట కాడ కేకేస్తే గొయ్యి కాడ ఇనపడకూడదు. అంతే" అన్నాడు. సెక్రటరీ గారు "ఎన్ని మీటర్లు తాతా?" అని అడిగారు. తాత ఆయన వైపు జాలిగా చూశాడు. "కేకకి మీటర్లేటి బావూ?"

నేను ఆయన చెప్పింది చెప్పినట్టు గుండ్రటి అక్షరాలతో రాశాను. రాశాక నాకే ముచ్చటేసి, రాత్రి డైరీలోనూ ఒకసారి రాసుకున్నాను.

వానలు పడగానే నానమ్మ రోడ్డు పక్క చేలో గోగు విత్తింది. మొక్కలు నా ఎత్తు దాటాక ఒక ఉదయం ఆకాశంలో జోరీగలా డ్రోను మోగింది. మర్నాడే ఇద్దరు పోలీసులు బూట్లకు బురదతో చేలోకి వచ్చారు. నేను కాఫీ మొక్క చాటుకు పోయాను. నానమ్మ మాత్రం ఒక ఆకు తుంచి వాళ్లలో పెద్దాయన చేతిలో పెట్టింది.

"నమిలి సూడు బావూ."

"వద్దులే అమ్మమ్మా."

"తిను. కళ్లు తిరిగితే ఆకు వల్ల కాదు. పొద్దున్నించి కూడు తిననందుకు తిరిగుంటాయి. అన్నం పెడతాను."

ఆయన నమిలాడు. ముఖం పులుపుకు ముడుచుకుపోయింది. "ఓర్నీ, గోంగూర!" అన్నాడు. సచివాలయంలో తీసిన ఫోటో చూపించే పని కూడా పడలేదు. వెళ్లేటప్పుడు ఇద్దరూ చెరో దోసెడు కింది ఆకు కోసుకుని వెళ్లారు. నానమ్మ వాళ్ల వెనకాల "ఉల్లిపాయి ఎక్కువెయ్యండి!" అని అరిచింది.

ఎదురు కొండ మీద వలిసె చేలు పసుపు పూసే రోజుల్లో గోగు కూడా పూసింది. లేత పసుపు పువ్వు, నడిమధ్యన కుంకుమ చుక్క. అది పూసినప్పుడే నరకాలి. ముదిరితే నార బిరుసెక్కుతుంది. నానమ్మా నేనూ రెండు రోజులు నరికాం. కాడల మీద ముళ్లు కనపడవు గానీ సాయంత్రానికి నా చేతులు ఎర్రగా మండాయి. కట్టలు కట్టి, ఆకు రాలడానికి గట్టు మీద నిలబెట్టాం. ఇక అక్కడి నుంచీ తొందర. నరికిన గోగు నాలుగైదు రోజులకు మించి ఎండలో ఉంటే తొక్క కర్రకు అతుక్కుపోతుంది. తర్వాత ఎన్నాళ్లు ఊరేసినా నార రాదు, పొయ్యిలోకే పనికొస్తుంది. ఒక ఏడాది పని, ఆమె పట్టుబట్టి కాపాడిన విత్తనం, సంఘం ఆడవాళ్లకు ఇచ్చిన మాట, అన్నీ ఆ కట్టల్లోనే నిలబడి ఉన్నాయి.

చేను చివర నానమ్మ గొయ్యి తవ్వించింది. పక్కనే పారే గెడ్డ నుంచి చిన్న కాలువ తీసి నీళ్లు నింపింది. ఇక కట్టలు దించడమే తరువాయి అనుకుంటుండగా మా మావయ్య వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. చేనుకు దిగువన, వాలు చివర మా ఊరి ఊట ఉంది. మా అత్తయ్య, అంటే ఆయన భార్య, రోజూ నీళ్లు ముంచేది అక్కడే. ఊరంతా ముంచేదీ అక్కడే.

"అత్తా, ఇక్కడ గోగు ఊరితే మేం అక్కడ నీళ్లు తాగాలా, ముక్కు మూసుకోవాలా?"

"నా సేను, నా పట్టా, నా గొయ్యి. నీకేటిరా?"

"పట్టా నీదే. నీళ్లు ఊరివి. మూడో రూలు సూడు. నీ మనవరాలే రాసింది కదా."

నానమ్మ నా వైపు తిరిగింది. "ఏటే గుంటా, ఏటి రాసేవు?"

పుస్తకం తెచ్చి చదివాను. ఊట దగ్గర కేకేస్తే గొయ్యి దగ్గర వినపడకూడదు. చదువుతుంటేనే అందులో లేనిదేమిటో నాకు తెలిసిపోయింది. ఎవరి కేక? రాసేటప్పుడు నాకు ఆ ప్రశ్నే తోచలేదు. గ్రామసభలో ఎవరికీ తోచలేదు. మా కొండల్లో కేకంటే ఏమిటో తెలియనివాళ్లు లేరు మరి.

పెద్ద తాతను పిలిచారు. మావయ్య ఛాతీ విరిచాడు. "నాను కేకేత్తాను. ఇప్పుడే తేలిపోద్ది."

"నీ గొంతుతో కొలిత్తే అరకు దాకా ఎవుడూ నార ఊరెయ్యలేడు" అంది నానమ్మ. "ఊరందర్లో సిన్న గొంతేదో దాంతో కొలవండి."

చిన్న గొంతు అనగానే అందరూ నా వైపు చూశారు. తాత గడ్డం నిమురుకున్నాడు. "రూలు ఎవులి సేత్తో రాసుందో ఆల గొంతుతోనే కొలుద్దాం. రేపు మంచు ఇడిసినాక."

మావయ్య పెద్దగా నవ్వాడు. "ఇది కేకేత్తే దీని సెవి కాడున్న దోమకి కూడా ఇనపడదు." కానీ తాత మాట దాటలేక ఒప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, నవ్వకుండా నాతో అన్నాడు. "ఒక్కటే సెప్తన్నాను. గొంతు దాయకు. ప్రార్థనలో నిలబడ్డట్టు నిలబడి కేకెయ్యి. నువ్వేసినాక ఇనపడకపోతే నాను మరి నోరెత్తను."

ఆ మాట నన్ను పట్టుకుంది. సాయంత్రం వంట దగ్గర నానమ్మ నా పళ్లెంలో ఎక్కువ కూర వేసింది. "నిన్ను గొంతు దాయమన్నానేటి? నీకున్నదే ఆపాటి. ఉన్నదే వాడు" అంది. గరిటె గిన్నెలో పెడుతూ, "రోజూ 'నానమ్మా, కూర సరిపోయింది' అంటావు సూడు, అలాగ" అంది. ఆమె కళ్లు మాత్రం గుమ్మంలోంచి గట్టు మీది కట్టల వైపే ఉన్నాయి. అప్పటికే వాటి పై చివళ్లు గోధుమ రంగుకు తిరుగుతున్నాయి.

మర్నాడు మంచు విడిచేసరికి సగం ఊరు చేలో ఉంది. నానమ్మ, తాత, మావయ్య గొయ్యి దగ్గర నిలబడ్డారు. నేను ఊట దగ్గర. అత్తయ్య నాలుగు బిందెలు వరసగా పెట్టుకుని నా పక్కనే ఉంది. నాకు అరచేతులు చల్లబడిపోయాయి. కాళ్లు కూడా.

"నీ గొంతు ఎండిపోయినట్టుందే. ముందు తాగు" అని అత్తయ్య చెంబు ముంచి ఇచ్చింది. "నాకెలాగైనా ఒకటే. నీళ్లు కంపు కొడితే మీ మావే మోసుకొత్తాడు దూరం నుంచి. నీకు నిజం అనిపించింది సెయ్యి."

తాగాను. రాళ్ల కిందినుంచి అప్పుడే వచ్చిన నీళ్లు, పళ్లు జివ్వుమనేంత చల్లగా, ఏ వాసనా లేకుండా ఉన్నాయి. చెంబు కిందపెట్టేటప్పటికి ఎలా కేకేయాలో నాకు తెలిసిపోయింది. తెలిసినా రావాలి కదా.

మూడు కేకలు వేయాలని తాత చెప్పాడు. మొదటిది వేశాను. అత్తయ్య నా వైపు వింతగా చూసింది. "అది కేకేటే? తుమ్మేవనుకున్నాను." రెండోది కాస్త పెరిగింది గానీ మధ్యలో విరిగిపోయింది. పైన ముగ్గురూ కదల్లేదు. మావయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతున్నాడు. ఇంకొక్క కేక పోతే గొయ్యి నానమ్మదే. నేను తలెత్తి చూశాను. అక్కడి నుంచి ఆమె బొటనవేలంత కనపడింది. కళ్లు మూసుకున్నాను. నా పదకొండు డైరీల్లో ఎక్కడా రాయని గొంతు ఒకటి కడుపులోంచి లేచింది.

"నానమ్మా!"

కేక వాలు ఎక్కి, ఎదురు కొండకు తగిలి, తిరిగొచ్చింది. బిందె మీద వాలిన పిట్ట ఎగిరిపోయింది. అది ఇంకా గాల్లో ఉండగానే పైనుంచి జవాబు వచ్చింది.

"ఓయ్! వత్తన్నానే, ఉండు!"

మా నానమ్మ గొంతు. పలకడమే కాదు, రెండడుగులు కిందికి వేసేసింది కూడా. మూడో అడుగు వేయబోతూ ఆగింది. ఏం చేసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. తర్వాత చేనంతా నవ్వింది.

పైన జరిగింది తాత తర్వాత చెప్పాడు. మూడు కేకలకూ మొహం బండరాయిలా పెట్టుకుని నిలబడాలని ఆమె ముందే అనుకుంది. మొదటి రెండింటికీ అలాగే నిలబడింది. అవి నిజంగానే ఎవరికీ వినపడలేదు. మూడోది వినపడిన వెంటనే, మావయ్య నోరు తెరిచే లోపు, ఆమె నోరే పలికేసింది. మా కొండల్లో కేక విని పలక్కుండా ఉండే మనిషి లేడు. పోడులో ఉన్నా, అడవిలో కర్రలు ఏరుతున్నా, ఎవరైనా కేకేస్తే "ఓయ్" అనాల్సిందే. మూడు కేకలకు జవాబు రాకపోతే ఏదో అయిందని ఊరు కర్రలు పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. డెబ్బై ఏళ్లుగా పలికిన నోరు ఆ ఒక్క పొద్దు మాట వినలేదు.

నానమ్మ గబగబా దిగి వచ్చింది. తిడుతుందని నేను తలొంచుకున్నాను.

"ఇన్నాళ్లూ ఆ గొంతు ఏ కుండలో దాసేవే?" అంది. కోపమో కాదో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. తర్వాత గట్టు మీద, తన కట్టల పక్కన కూలబడింది. "నా గొయ్యి పోయింది. ఇయ్యి ఇంక రెండ్రోజులు కూడా ఆగవు."

గెలిచిన మావయ్య ఆమె కంటే ఇబ్బందిగా నిలబడి కాలి బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. తాతే చెప్పాడు. చేను పైన ఉన్న మిట్ట దాటితే అవతల వాలులో ఒక పల్లం ఉందని, అక్కడ వాన నీళ్లు నిలిచే ఉన్నాయని, ఆ నీళ్లు అటువైపు గేదెలు పడుకునే గెడ్డలోకి పోతాయి తప్ప ఇటు రావని.

"ఆ మిట్ట మీదికి ఇన్ని కట్టలు నాను మొయ్యాలా? పైకి పోయే దారి నాకు సూపిత్తన్నావేటి?" అంది నానమ్మ.

అప్పుడు మావయ్య ఊరి వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "ఓయ్! గోగు మొయ్యాల! ఇంట్లో ఉన్నోలందరూ బేగి రండి!"

ఊరికి ఆ కేక రెండోసారి వేయాల్సిన పని లేదు. సగంమంది చేలోనే ఉన్నారు, మిగతా సగం ఆ గొంతుకు వచ్చారు. మనిషికో కట్ట. సంఘం ఆడవాళ్లు తలకు చుట్టకుదురు పెట్టుకుని వరసగా మిట్ట ఎక్కుతుంటే చేనే లేచి నడిచి వెళ్తున్నట్టుంది. మావయ్య ఒక్కడే మూడు కట్టలు మోశాడు. "అల్లుడూ, నడుం విరిగితే గోగునార కట్టు నానే కడతాలే" అని నానమ్మ వెనకాల నుంచి అంటూనే ఉంది. మధ్యాహ్నానికి కట్టలన్నీ నీళ్లలో మునిగి, వాటి మీద బరువుకు రాళ్లు కూడా పడ్డాయి.

అయినా తాత ఊరుకోలేదు. రూలు రూలే అన్నాడు. నన్ను మళ్లీ ఊట దగ్గరికి పంపాడు. ఈసారి మొదటి కేకే గట్టిగా వచ్చింది. మూడు వేశాను. మిట్ట అవతల నుంచి ఏ జవాబూ రాలేదు. నన్నెవరూ వినలేదని అంత సంతోషించడం నాకు అదే మొదలు.

తర్వాత గ్రామసభలో మూడో రూలు సరిదిద్దాలన్నాను. అవును, నేనే అన్నాను, లేచి నిలబడకుండానే. "ఎవరి కేక అని రాయను తాతా?"

"మనిసి కేక అని రాయి. ఎవులిదైతేనేటి? ఆ మిట్టని నీ గొంతూ దాటదు, మీ మావ గొంతూ దాటదు. నీళ్లూ దాటవు."

సెక్రటరీ గారు మీటర్లలో కూడా ఒక అంకె ఉంటే బాగుంటుందని గొణిగారు. నేను అది వినపడనట్టే, మనిషి కేక అని గుండ్రంగా రాశాను.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. గోగు ఊరినన్నాళ్లూ నానమ్మ పొద్దస్తమానం ఆ పల్లం దగ్గరే ఉంది. తొక్క ఎంత ఊరిందో గోటితో గిల్లి చూసుకునేది. చుట్టూ సంఘం ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని కూర్చునేవారు. అన్నానికి పిలవాలంటే ఇంటి దగ్గర నుంచి కేక చేరదు. ఫోను ఆమె పట్టుకెళ్లదు. అందుకని రోజూ మధ్యాహ్నం నేను మిట్ట ఎక్కి, నడినెత్తి మీద నిలబడి, ఒకవైపు ఊరంతా వింటుండగా, రెండో వైపుకు కేకేయాల్సి వచ్చేది. మొదటి రోజు ముఖం కాలిపోయింది. వారం దాటాక కింద నుంచి అత్తయ్య "ఈయేళ ఆలీసమైందే!" అనేది.

నార తీసిన రోజు కూడా అలాగే ఎక్కాను. మిట్ట అవతల, మోకాళ్ల లోతు నల్లటి నీళ్లలో నిలబడి ఆడవాళ్లు కాడలు బాదుతున్నారు. నానమ్మ ఒక కాడను పట్టుకుని ఒక్క లాగు లాగింది. తొక్క మొత్తం చీరలా జారి వచ్చింది. నీళ్లలో జాడిస్తే నార తెల్లగా మెరిసింది. కంపు మాత్రం మిట్ట మీద నా దాకా వచ్చింది. ముక్కు మూసుకునే కేకేశాను. ముక్కు మూసుకున్నా గట్టిగానే వచ్చినట్టుంది.

"ఓయ్!" అంది నానమ్మ తలెత్తకుండా. "ఇనపడిందే గుంటా! సెవిటిదాన్ననుకున్నావేటి?"